పెద్ద హాలు కోసం వచ్చిన పాస్టర్: ఒక సంఘ స్థాపకుడి దర్శనం పెరిగిన తీరు

కొత్త సంఘాలు స్థాపించే సేవకులకు తోడుగా ఉండడం చాలాకాలంగా నా పరిచర్య. వాళ్ళ మాట వింటాను, ప్రశ్నలు అడుగుతాను, అవసరమైన చోట హెచ్చరిస్తాను. అంతకుముందు నేనూ రెండు సంఘాలు మొదలుపెట్టాను. ఇక్కడ రాస్తున్నది ఒక పాస్టర్ గారితో తొమ్మిదేళ్ళు కలిసి నడిచిన అనుభవం. ఆయన, ఆయన భార్య దీన్ని చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను. పేర్లు, ఊళ్ళు వదిలేశాను. జరిగిన పొరపాట్లలో నావి కూడా ఉన్నాయి. వాటిని మాత్రం వదల్లేదు.

మొదటి రోజు

ఆయన చేతిలో ప్లాన్ కాగితం పట్టుకుని వచ్చారు. నాలుగు వందల మంది కూర్చునే హాలు, పైన బాల్కనీ, పక్కన సండే స్కూల్ గదులు. "అన్నా, స్థలం కూడా చూశాం. మీరు ఒకసారి ప్రార్థన చేసి, డబ్బు ఎలా సమకూర్చుకోవాలో చెప్పండి" అన్నారు.

అప్పటికి ఆయన సంఘానికి ఐదేళ్ళు. సొంత ఇంటి ముందు గదిలో పదకొండు మందితో మొదలైంది. మూడేళ్ళు టీచర్ ఉద్యోగం చేసుకుంటూనే సేవ చేశారు, తర్వాత ఉద్యోగం మానేశారు. నన్ను కలిసేనాటికి అద్దె హాల్లో ఆదివారం నూట ఇరవై మంది దాకా వస్తున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మం బయట నిలబడాల్సి వస్తోంది. వాక్యం బాగా చెప్తారు. మనిషి నిజాయితీపరుడు. మీ దర్శనం ఏమిటని అడిగితే, "ఈ పట్టణంలో వెయ్యిమంది కలిసి ఆరాధించే సంఘం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కన్నీటిని నేను తేలిగ్గా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. ఆత్మల కోసం ఏడ్చే మనిషికి దర్శనం సరిచేసుకోవడం నేర్పవచ్చు. ఆ భారమే లేని మనిషికి నేను నేర్పగలిగింది ఏమీ లేదు.

ఆయన దగ్గర హాజరు పుస్తకం ఉంది. ఐదేళ్ళ ఆదివారాలూ అందులో ఉన్నాయి. పేరు, ఫోన్ నంబరు, ఉండే ప్రాంతం అన్నీ శ్రద్ధగా రాసుకున్నారు. అందులోని పేర్లను ప్రాంతాల వారీగా మళ్ళీ రాయమన్నాను. రాస్తే తేలింది, ముప్పై ఎనిమిది మంది పట్టణానికి ఆ చివరి నుండి రెండు బస్సులు మారి వస్తున్నారు. వాళ్ళకు ఆదివారం రెండు గంటలు తప్ప సంఘమన్నదే లేదు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాను: "మీరు ఆరు నెలలు మంచం పడితే, ఈ నూట ఇరవై మందిలో వాక్యం బోధించగలిగినవాళ్ళు, బాప్తిస్మం ఇవ్వగలిగినవాళ్ళు, గొడవపడ్డ కుటుంబంతో కూర్చుని మాట్లాడగలిగినవాళ్ళు ఎంతమంది?" చాలాసేపు ఆలోచించి "ఇద్దరు" అన్నారు. కాసేపాగి, "నిజం చెప్పాలంటే ఒకరు. రెండో ఆయన ఇంకా సిద్ధపడాలి" అన్నారు.

హాలు సంగతి ఆరు నెలలు ఆపమని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ప్రార్థన చేసుకుని వెళ్ళిపోయారు. రెండు నెలల దాకా ఫోన్ లేదు.

ఒక తల్లి మాట

రెండు నెలల తర్వాత వచ్చిన ఫోన్‌లో హాలు ఊసు రాలేదు. దూరం నుండి వచ్చే ఆ ముప్పై ఎనిమిది మందిలో వయసు మళ్ళిన ఒక విధవరాలు ఉన్నారు. ఆమె ఆరు వారాలుగా ఆరాధనకు రాలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. హాజరు పుస్తకం మళ్ళీ తిరగేస్తున్నప్పుడు ఈయన కంట పడింది. వెంటనే బయలుదేరి వెళ్ళారు. కాలు జారి పడి మంచంలో ఉన్నారు ఆమె. క్షమించమని అడగబోతే ఆమే ముందు అన్నారట: "అయ్యగారూ, మీరు అంత దూరం నుండి ఊరికే రాలేరని నాకు తెలుసు. మా వీధిలో పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషి ఒక్కరున్నా సరిపోయేది."

ఆ మాట చెప్తూ ఆయన ఫోన్‌లో ఏడ్చారు. "అన్నా, నేను కట్టబోయే హాలుకి ఆమె ఎప్పటికీ రాలేరు" అన్నారు.

నా దృష్టిలో ఆయన దర్శనం పెరగడం మొదలైన రోజు అది. మన సంఘాల్లో దర్శనం అంటే ఒక పెద్ద సంఖ్యో, ఒక పెద్ద కట్టడమో చెప్పడం అలవాటైపోయింది. అపొస్తలుల కార్యములు 16లో పౌలుకు వచ్చిన దర్శనంలో ఒక మనిషి కనిపించాడు. మాసిదోనియ దేశస్థుడొకడు నిలబడి, వచ్చి మాకు సహాయం చెయ్యమని బతిమాలాడు. తీరా ఫిలిప్పీ చేరాక వాళ్ళు కూర్చుని మాట్లాడింది నదీతీరాన ప్రార్థనకు కూడుకున్న స్త్రీలతో. అక్కడ ప్రభువు మొదట హృదయం తెరిచింది లూదియది, మొదటి కూడిక స్థలం ఆమె ఇల్లు. ఈ భాగం ఆయనతో కలిసి చాలాసార్లు చదివాను. ఆయనకు సహాయం అడిగిన మాసిదోనియ మనిషి మంచంలో ఉన్న ఆ తల్లే.

బుధవారం కూడిక

ఆమె ఇంట్లో బుధవారం సాయంత్రం కూడిక మొదలైంది. దగ్గర్లో ఉండే ఒక యువ దంపతులకు బాధ్యత ఇచ్చారు. కాగితం మీద బాధ్యత వాళ్ళది. నిజానికి ప్రతి బుధవారం ఈయనే వెళ్ళి వాక్యం చెప్పేవారు. ఐదు నెలలు అలాగే నడిచింది. పది మంది కాస్తా పదిహేను మంది అయ్యారు. ఆ దంపతులు కుర్చీలు వేయడం, పాటలు పాడించడం దగ్గరే ఆగిపోయారు.

ఒక బుధవారం నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. వాక్యం అయ్యాక ఎవరో ఏదో సందేహం అడిగారు. ఆ యువకుడు నోరు తెరిచేలోపే పాస్టర్ గారు జవాబు చెప్పేశారు. చాలా మంచి జవాబు. తిరుగు ప్రయాణంలో ఒకటే మాట అన్నాను: "మూడు నెలలు ఇక్కడికి రాకండి. ఆ అబ్బాయితో ప్రతి మంగళవారం మీ ఇంట్లో కూర్చోండి. బుధవారం మాత్రం అతనిదే."

ఆయనకు అది ఉపవాసం కంటే కష్టమైంది. మొదటి బుధవారం ఇంట్లో కూర్చుని టెన్షన్ పడుతూ నాలుగు సార్లు ఫోన్ చేశారు. అబ్బాయి మొదటి నెల తడబడ్డాడు, ఒకసారి తప్పు కూడా చెప్పాడు. ఆ తప్పును మరుసటి మంగళవారం ఇద్దరూ కూర్చుని సరిచేసుకున్నారు. తర్వాతి బుధవారం ఆ అబ్బాయే అందరి ముందు "పోయిన వారం నేను చెప్పింది సరిగ్గా లేదు, మళ్ళీ చూద్దాం" అన్నాడు. ఆ రోజు నుండి అక్కడివాళ్ళు అతన్ని నమ్మడం మొదలుపెట్టారు.

ఈ కాలంలో మేమిద్దరం ఎక్కువగా ఆలోచించింది ఎఫెసు గురించి. పౌలు తురన్ను పాఠశాలలో రెండేళ్ళు ప్రతిదినం తర్కించాడు, ఆసియలో కాపురమున్నవారందరూ ప్రభువు వాక్యం విన్నారని లూకా రాస్తున్నాడు. పౌలు ఆసియ అంతా తిరగలేదు. కొలొస్సయి సంఘం తన ముఖం చూడలేదని ఆయనే రాశాడు. అక్కడివాళ్ళకు సువార్త నేర్పింది ఎపఫ్రా. కొలొస్సయి వాళ్ళ కోసం, లవొదికయ, హియెరాపొలి వాళ్ళ కోసం కూడా ఎపఫ్రా చాలా ప్రయాసపడుతున్నాడని పౌలే సాక్ష్యమిచ్చాడు. పౌలు మనుషుల్ని తయారుచేశాడు, ఆ మనుషులు ఊళ్ళకు వెళ్ళారు. ఇది అర్థమయ్యాక పాస్టర్ గారు హాజరు పుస్తకంలో కొత్తగా ఒక వరుస గీసుకున్నారు. అందులో ఎవరు ఎవరికి నేర్పుతున్నారో రాసేవారు. మొదటి ఏడాది ఆ వరుస చాలావరకు ఖాళీగానే ఉంది.

పంపిన ఆదివారం, ఆ తర్వాతి ఆదివారం

పద్నాలుగు నెలల తర్వాత ఆ బుధవారం కూడికను సంఘంగా నిలబెట్టాలని నిర్ణయించారు. ఎవర్ని పంపాలన్న దగ్గర ఆగారు. ఆ ప్రాంతంలో ఉంటున్నవాళ్ళను మాత్రమే పంపితే సరిపోతుందని కొందరు పెద్దలన్నారు. అంతియొకయ సంఘంలో ప్రవక్తలు, బోధకులని లూకా ఐదుగురి పేర్లు రాశాడు: బర్నబా, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, మనయేను, సౌలు. పరిశుద్ధాత్మ వేరుపరచమన్నది అందులో బర్నబాను, సౌలును. మొదట ఆ సంఘానికి ఏడాదంతా బోధించింది ఈ ఇద్దరే. ఈ భాగం చదివాక పెద్దల కూటంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఇరవై మూడు మంది పేర్లు రాశారు. ఆ దంపతులు, లెక్కలు చూసే సహోదరుడు, పాటలు నడిపించే సిస్టర్, ఇద్దరు సండే స్కూల్ టీచర్లు అందులో ఉన్నారు.

పంపిన ఆదివారం గొప్పగా జరిగింది. చేతులుంచి ప్రార్థన చేశారు, సాక్ష్యాలు చెప్పుకున్నారు, అందరూ ఏడ్చారు.

ఇలాంటి సందర్భాలపై రాసేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. తర్వాతి ఆదివారం గురించి రాయరు. ఆ ఆదివారం హాలు వెలితిగా ఉంది. పాట సరిగ్గా ఎత్తుకునేవాళ్ళు లేరు. కానుకలు మూడో వంతు తగ్గాయి, హాలు అద్దె మాత్రం తగ్గలేదు. "మంచివాళ్ళందర్నీ పంపించేశారు, మమ్మల్ని మిగిల్చారు" అని ఒక పెద్దాయన నేరుగా పాస్టర్ గారి ముఖం మీదే అన్నారు. మిగిల్చారు అన్న మాట ఆయన్ని చాలా రోజులు బాధపెట్టింది. వెళ్ళేవాళ్ళను పద్నాలుగు నెలలు సిద్ధపరిచాం, ఉండేవాళ్ళను ఒక్క రోజు కూడా సిద్ధపరచలేదు. అప్పటి నుండి నేను ఎవరితో పనిచేసినా, వెళ్ళేవాళ్ళతో ఎన్ని కూటాలు పెడతామో ఉండేవాళ్ళతో కూడా అన్ని పెట్టమంటాను.

ఇంకా పెద్ద పొరపాటు నాది. ఇద్దరు టీచర్లు వెళ్ళిపోవడంతో సండే స్కూల్ మొత్తం పాస్టర్ గారి భార్య మీద పడింది. ఖాళీ అయిన ప్రతి పని చివరికి అమ్మగారి దగ్గరికే చేరింది. నాలుగు నెలల తర్వాత ఒక రోజు ఆమె నాతో అన్నారు: "అన్నయ్యా, రెండేళ్ళుగా మీరు మా ఇంటికి వస్తున్నారు. ఆయన దర్శనం ఏమిటని ప్రతిసారీ అడిగారు. నా మీద ఎంత బరువుందో ఒక్కసారీ అడగలేదు." నిజమే. నా నోట్సు వెతికి చూసుకున్నాను, ఆమె ప్రస్తావన రెండే రెండు చోట్ల ఉంది. కొరింథులో, ఎఫెసులో పౌలుతో పనిచేసినవాళ్ళు అకుల, ప్రిస్కిల్ల అని జంటగా బోధిస్తూ, నేను మాత్రం ఒక మనిషికే సలహా ఇస్తూ వచ్చాను. ఆమెను క్షమాపణ అడిగాను. అప్పటి నుండి ఇద్దరూ కూర్చుంటేనే కూటం. సండే స్కూల్‌ను రెండు నెలలు ఒకే తరగతిగా నడిపారు, ఈలోగా ముగ్గురు కొత్తవాళ్ళకు ఆమే నేర్పారు. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో రాసే ఆ వరుస నిండడం మొదలైంది ఈ పేర్లతోనే. రాసింది ఆయన, సంపాదించింది ఆమె.

ఇది సంఘమేనా?

రెండో సంఘం ఎవరూ ప్లాన్ చేయలేదు. సంఘంలో లేత్ మెషిన్ మీద పనిచేసే సహోదరుడొకరు ఉన్నారు. నైట్ షిఫ్ట్ ముగిశాక తోటి పనివాళ్ళలో కొందరితో కలిసి ఒక గదిలో బైబిల్ చదువుకునేవారు. వాళ్ళలో తొమ్మిది మంది ప్రభువును నమ్మారు. షిఫ్టుల వల్ల ఆదివారం రాలేరు. మంగళవారం మధ్యాహ్నం కూడుకునేవారు. మైకు లేదు, వాయిద్యాలు లేవు. ఆ సహోదరుడు చదువులో బాగా వెనకబడినవాడు, వాక్యం కూడబలుక్కుంటూ చదువుతాడు. చదివాక "ఇందులో దేవుడు మనల్ని ఏం చెయ్యమంటున్నాడు?" అని ప్రతి ఒక్కరినీ అడుగుతాడు. తర్వాతి వారం "చేశారా?" అని మళ్ళీ అడుగుతాడు.

పాస్టర్ గారికి ఇబ్బందిగా అనిపించింది. "అన్నా, ఇది సంఘమా, ప్రార్థన గుంపా?" అన్నారు. మంచి ప్రశ్న, తోసిపుచ్చకూడనిది. ఇద్దరం కూర్చుని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చివరి భాగం తీసి, సంఘానికి తప్పకుండా ఉండాల్సినవి ఒక్కొక్కటిగా రాసుకున్నాం. అపొస్తలుల బోధ, బాప్తిస్మం, రొట్టె విరవడం, సహవాసం, ప్రార్థన, అక్కర ఉన్నవాళ్ళకు పంచిపెట్టడం. వీటికి పత్రికల నుండి ఇంకో రెండు కలిపాం: పెద్దల కాపుదల, తప్పిపోయినవాణ్ని ప్రేమతో సరిదిద్దే క్రమశిక్షణ. రాయడం అయ్యాక ఆయన ఆ కాగితాన్ని చూస్తూ, "ఆదివారం అని లేదు, హాలు అని లేదు" అన్నారు. మంగళవారం గుంపులో ఇంకా లేనివి ప్రభు బల్ల (రొట్టె విరవడం), పెద్దలు. ఆ రెండిటి కోసం ఏడాది పట్టింది.

1890లో జాన్ నీవియస్ అనే మిషనరీ చైనా నుండి కొరియా వెళ్ళి, అక్కడి యువ మిషనరీలతో రెండు వారాలు గడిపాడు. నమ్మినవాడు తన పని మానకుండా ఉన్నచోటే సాక్షిగా ఉండాలి, సంఘం తన సేవకుల్ని తానే పోషించుకోవాలి, మందిరం అక్కడివాళ్ళ స్తోమతుకు తగ్గట్టు అక్కడివాళ్ళే కట్టుకోవాలి, అందరూ క్రమంగా బైబిల్ నేర్చుకోవాలి అన్నది ఆయన చెప్పిన పద్ధతి. కొరియా సంఘాలు ఆ దారిలో పెరిగాయి. లేత్ పని మానేసి పూర్తికాల సేవకు వచ్చెయ్యమని ఆ సహోదరుణ్ని అడగాలని పాస్టర్ గారు అనుకున్నారు. నీవియస్ సంగతి చెప్పి ఆపాను. ఆ మెషిన్ దగ్గరి నుండి తీసేస్తే ఆయనకు ఆ తొమ్మిది మంది దగ్గరికి దారే ఉండదు.

మూసేసిన సంఘం

మూడోదాని గురించి రాయడం నాకు కష్టం. అయినా ఈ కేస్‌లో చదవాల్సిన భాగం ఇదే అనుకుంటాను.

రెండు సంఘాలు నిలబడ్డాయన్న ఉత్సాహంలో పాస్టర్ గారు ఒక ఆదివారం పుల్పిట్ మీద నుండి "ఐదేళ్ళలో పన్నెండు సంఘాలు" అని ప్రకటించారు. ముందు రోజు నాకు ఫోన్ చేసి అడిగారు. విశ్వాసంతో అడుగు వెయ్యమన్నాను. అడ్డు చెప్పాల్సింది నేనే, చెప్పలేదు.

మూడో చోటికి ఇరవై ఆరేళ్ళ యువకుణ్ని పంపారు. వాక్యం బాగా చెప్పగలడు, పాడగలడు, మంచి మనసు. మొదటి సంఘానికి పద్నాలుగు నెలలు సిద్ధపరిచినవాళ్ళం అతన్ని ఐదు నెలలకే పంపేశాం. తోడు ఎవర్నీ ఇవ్వలేదు. ప్రభువు డెబ్బై మందిని ఇద్దరిద్దరిగా పంపాడని అందరికీ తెలుసు. మనుషులు చాలడం లేదు, పన్నెండు చెయ్యాలి కదా అన్నది మా సమాధానం. అతని జీతం బయటి దాత ఒకరు ఇచ్చారు. నెలనెలా రిపోర్టు పంపాలి. ఆ రిపోర్టు ఫారం తయారుచేసింది నేను. అందులో ఉన్నవి: ఆదివారం హాజరు, కొత్తగా వచ్చినవాళ్ళు, బాప్తిస్మాలు, కానుకలు. నాలుగూ అంకెలే.

రిపోర్టులు బాగానే వచ్చాయి. ఇరవై రెండు, ఇరవై ఎనిమిది, ముప్పై. పదకొండో నెలలో పాస్టర్ గారు వేరే పని మీద అటు వెళ్ళి, చెప్పకుండా ఆరాధనకు వెళ్ళారు. ఏడుగురు ఉన్నారు. ఏం జరిగిందంటే, ఆరో నెలలో రెండు కుటుంబాల మధ్య గొడవ వచ్చింది. ఇద్దరితో కూర్చుని మాట్లాడటానికి పెద్దలు ఎవరూ లేరు. ఒక్కడే తంటాలు పడ్డాడు, సర్దలేకపోయాడు. రెండు కుటుంబాలూ వెళ్ళిపోయాయి, వాళ్ళతో మిగతావాళ్ళూ. జీతం ఆగిపోతుందని భయం, మీ ముఖం చూడలేనని సిగ్గు. పాత అంకెలే వేసి పంపుతూ వచ్చాడు.

అతను అబద్ధం రాశాడు, అది పాపం. దాన్ని చిన్నది చేయను. కానీ "నీకు ఏం భారంగా ఉంది?" అని అడిగే గడి ఒక్కటైనా ఆ ఫారంలో ఉండుంటే, ఆరో నెలలోనే అతను ఒక వాక్యం రాసి ఉండేవాడని నా నమ్మకం. పౌలు, బర్నబా మొదటి ప్రయాణంలో దెర్బే దాకా వెళ్ళి, వచ్చిన దారినే వెనక్కి తిరిగారు. లుస్త్రలో పౌలును రాళ్ళతో కొట్టి చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. అదే లుస్త్రకు మళ్ళీ వెళ్ళి, ఈకొనియకు, పిసిదియలోని అంతియొకయకు వెళ్ళి, ప్రతి సంఘంలో పెద్దలను ఏర్పరచారు. పౌలు తన తోటి సేవకుడు తీతును క్రేతులో విడిచిపెట్టింది కూడా లోపంగా ఉన్నవాటిని దిద్ది, ప్రతి పట్టణంలో పెద్దలను నియమించడానికే. ముందుకు వెళ్ళే ప్రయాణాన్ని మేం అపొస్తలుల దగ్గర నేర్చుకున్నాం. వెనక్కి తిరిగే ప్రయాణాన్ని నేర్చుకోలేదు.

పాస్టర్ గారు ఆ తర్వాత చేసిన పని చూసి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. యువకుణ్ని ఇంటికి తెచ్చుకున్నారు. దాతకు నిజం రాసి, మిగిలిన డబ్బు వెనక్కి పంపారు. తల్లి సంఘం ముందు నిలబడి, "పన్నెండు అన్న మాట దేవుడు చెప్పింది కాదు, నేను చెప్పింది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ తమ్ముడు ఒంటరిగా పడిపోవడానికి కారణం నేను" అన్నారు. ఆ రోజు నేనూ లేచి నా ఫారం సంగతి ఒప్పుకున్నాను. యువకుడు తన తప్పు పెద్దల ముందు ఒప్పుకుని, ఏడాది పాటు ఏ బాధ్యతా లేకుండా సంఘంలో కూర్చున్నాడు. ఇప్పుడు ఒక ఉద్యోగం చేసుకుంటూ, లేత్ సహోదరుడి గుంపులో చదవలేనివాళ్ళకు బైబిల్ చదవడం నేర్పుతున్నాడు.

డబ్బు విషయంలో కూడా మా ఆలోచన మారింది. సంఘం తనను తాను నడుపుకోవాలి, పోషించుకోవాలి, వ్యాపింపజేసుకోవాలి అని మిషనరీ సంస్థల నాయకులు హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ 19వ శతాబ్దంలోనే చెప్పారు. ఇది మాకు తెలియంది కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత మనుషులతో, సొంత కానుకలతో మిషనరీ సంఘం పెట్టి దోర్నకల్ ప్రాంతానికి సేవకుల్ని పంపారు. ఆ సంఘాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన అజరయ్య 1909లో తానే అక్కడికి వెళ్ళారు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. పంపే సంఘం ఖర్చు మోసినప్పుడు వెళ్ళినవాడి కోసం ప్రార్థన కూడా చేస్తుంది. దూరపు దాత డబ్బు మీద వెళ్ళినవాడి పేరు కూడా తల్లి సంఘంలో చాలామందికి గుర్తులేదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నియమం ఏమిటంటే, తల్లి సంఘం భరించగలిగినంత మేరకే పంపుతారు.

రెండు వీధుల అవతల

మిగిలిన ఆ ఏడుగుర్ని ఏం చెయ్యాలన్నది ప్రశ్న. కనుక్కుంటే, అక్కడికి రెండు వీధుల అవతలే వేరే డినామినేషన్ వాళ్ళ చిన్న సంఘం ఒకటి ఎన్నో ఏళ్ళుగా ఉంది. మేం ఆ చోటు ఎంచుకునేటప్పుడు ఆ పాస్టర్ గారిని ఒక్క మాట అడగలేదు. మరొకని పునాది మీద కట్టకూడదని పౌలు ఎంత జాగ్రత్త పడ్డాడో రోమా 15లో చదువుతాం, బోధిస్తాం. మా మ్యాప్‌లో మాత్రం ఆ సంఘం లేదు. మా సంఘం లేని చోటును సంఘమే లేని చోటుగా లెక్కేశాం.

పాస్టర్ గారు వెళ్ళి ఆయన్ని క్షమాపణ అడిగారు. ఏడుగురిలో ఐదుగురు ఇష్టపడి ఆ సంఘంలో చేరారు. ఈయనే వెంటబెట్టుకుని వెళ్ళి అప్పగించారు. అలా మొదలైన పరిచయంలో ఆ చిన్న సంఘం కూడా ఒక కూడిక మొదలుపెట్టాలని చాలాకాలంగా ఆశపడుతోందని తెలిసింది. దారి తెలియక ఆగారు. ఇప్పుడు మంగళవారాల్లో ఈయన ఇంట్లో కూర్చునేవాళ్ళలో ఆ సంఘం యువకులు ఇద్దరున్నారు. వాళ్ళు మొదలుపెట్టబోయే సంఘం మీద ఈయన పేరు ఉండదు, ఈయన డినామినేషన్ పేరు అసలే ఉండదు. మొదటి రోజు ప్లాన్ కాగితం పట్టుకుని వచ్చిన మనిషిని గుర్తు చేసుకుంటే, దర్శనం పెరగడం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఎవరూ చెప్పని బాప్తిస్మాలు

ఎనిమిదో ఏట ఒక శుక్రవారం పాస్టర్ గారికి ఫోన్ వచ్చింది. మొదటి సంఘాన్ని నడిపిస్తున్న ఆ అబ్బాయి. ఇప్పుడు అబ్బాయి అనకూడదు, సంఘ పెద్ద. "అయ్యగారూ, ఎల్లుండి బాప్తిస్మాలున్నాయి. మా వాళ్ళు అవతలి కాలనీలో ఏడాదిగా కూడుకుంటున్నారు. అక్కడివాళ్ళు నలుగురు తీసుకుంటున్నారు. వీలైతే రండి" అన్నాడు. ఏడాదిగా జరుగుతున్నది ఈయనకు తెలియదు.

ఆయన నాకు ఫోన్ చేసి, ముందు కొంచెం నొచ్చుకున్నట్టే మాట్లాడారు. ఏడాది పాటు తనకొక మాట చెప్పలేదని. కాసేపటికి ఆయనే, "కొలొస్సయి గురించి ఎన్నిసార్లు చెప్పాను అన్నా" అన్నారు. ఇద్దరం కలిసి వెళ్ళాం. చిన్న గది, ఇరవై మంది ఉంటారు. వాక్యం చెప్పింది మేమెవరం చూడని మనిషి. అందరూ వెళ్ళిపోతున్నప్పుడు ఒక సిస్టర్ పాస్టర్ గారి దగ్గరికొచ్చి, "వందనాలండీ, మీరు కొత్తగా వచ్చారా? ఎక్కడుంటారు?" అని అడిగింది. ఆయన ఉండే ప్రాంతం చెప్పారు. "అంత దూరమా! అక్కడ మీకు దగ్గర్లో సంఘం లేదా?" అంది ఆమె. ఉందమ్మా అన్నారు ఆయన.

మంచంలో ఉండగా ఆ మాట అన్న తల్లి అంతకు రెండేళ్ళ ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. చివరి నెలల్లో ఆమె పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు ఆ వీధిలోనే ఆరుగురు ఉన్నారు.

ఇప్పుడు

తల్లి సంఘంలో ఆదివారం తొంభై అయిదు మంది దాకా ఉంటారు. అదే అద్దె హాలు. మొదటి సంఘంలో అరవై మంది. దానికి పుట్టిన సంఘం ఇంకా ఆ చిన్న గదిలోనే ఉంది. మంగళవారం గుంపు ఇప్పుడు రెండు షిఫ్టులకు రెండు గుంపులైంది. రిపోర్టు ఫారంలో మూడు ప్రశ్నలే మిగిలాయి: ఎవరి కోసం ప్రార్థించాలి, నీ దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారు, నీకు ఏం భారంగా ఉంది. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా పెద్దవిగా ఉంటున్నాయి. వాటిని చదివి వెంటనే వెళ్ళడమే పాస్టర్ గారి పనిలో పెద్ద భాగమైంది.

తేలనివి ఉన్నాయి. మంగళవారం గుంపుల్లో రెండో పెద్ద ఇంకా దొరకలేదు. లేత్ సహోదరుడికి వయసవుతోంది, ఆయన రిటైరయితే ఆ మెషిన్ల మధ్య ఎవరుంటారన్నది తెలియదు. మొదటి సంఘం వాళ్ళు సొంత హాలు కట్టాలనుకుంటున్నారు. అక్కడి పెద్ద ప్లాన్ కాగితం పట్టుకుని పాస్టర్ గారి దగ్గరికే వచ్చాడు. ఆయన దాన్ని వద్దనలేదు, కట్టమనీ అనలేదు. హాజరు పుస్తకం తెచ్చుకుని, పేర్లను ప్రాంతాల వారీగా రాసుకుని రమ్మన్నారట. వచ్చే నెల వాళ్ళిద్దరి భార్యలతో కలిపి ఐదుగురం కూర్చుంటున్నాం.